జల కీటకాల పట్టు

జల కీటకాల పట్టు అనగా జీవితంలో కొంత భాగమైనా నీటిలో గడిపే కీటకాలు తమ గ్రంథుల నుండి స్రవించే ప్రోటీను దారం. పట్టు అనగానే మల్బరీ పట్టుపురుగు, దాని కాయ, పట్టుచీర గుర్తుకు వస్తాయి. కానీ వాగులో రాళ్ళ కింద, చెరువు అడుగు బురదలో, నీరు నిలిచిన వరి మడిలో కూడా పట్టు తయారవుతుంది. ఈ పట్టును ఎవరూ వడకరు, నేయరు. అయితే తడి రాతికి అంటుకోవడం, ప్రవాహంలో తెగకుండా నిలవడం దీని ప్రత్యేకత. వీటిలో ముఖ్యమైన కాడిస్ ఈగలు పట్టుపురుగులకు అతి దగ్గరి బంధువులు. రెండింటి పట్టు ప్రోటీన్లకు మూలమైన జన్యువులు ఒకే పూర్వీకుని నుండి సంక్రమించినవి.

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతంలో ఈ రెండు రకాల పట్టూ పక్కపక్కనే ఉంటాయి. వాగు ఒడ్డున మద్దిచెట్టు మీద దసలి పురుగు గూడు కడుతుంది. అదే వాగు నీటిలో కాడిస్ ఈగ డింభకం వల అల్లుతుంది.

పట్టు అంటే ఏమిటి

జంతువు శరీరంలో ద్రవరూపంలో నిలువ ఉండి, బయటికి వచ్చేటప్పుడు గట్టి దారంగా మారే ప్రోటీనును పట్టు అంటారు. వెంట్రుక, గోరు వంటివి కూడా ప్రోటీన్లే అయినా అవి కణాలలోనే గట్టిపడతాయి కనుక పట్టు కావు. పట్టు ప్రోటీనులో కొద్ది రకాల అమైనో ఆమ్లాలే మళ్ళీ మళ్ళీ ఒకే వరుసలో వస్తాయి. మల్బరీ పట్టులో గ్లైసిన్, అలనిన్, సెరిన్ ఎక్కువ. ఇటువంటి వరుసలు మడతలు పడి, ఒకదానిపై ఒకటి పేర్చిన రేకుల వలె సర్దుకుంటాయి. ఈ రేకులను బీటా పత్రాలు అంటారు. దారానికి బలం వీటి వలన, సాగే గుణం వీటి మధ్య ఉన్న వదులు భాగాల వలన కలుగుతాయి.

కీటకాలలో పట్టు ఒక్కసారి పుట్టి అందరికీ సంక్రమించినది కాదు. వేరు వేరు కీటక వర్గాలలో ఇరవైకి పైగా సార్లు విడివిడిగా రూపొందిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కొన్నిటిలో నోటి దగ్గర గ్రంథులు, కొన్నిటిలో విసర్జక నాళాలు, కొన్నిటిలో ఆడ కీటకపు జననేంద్రియ గ్రంథులు పట్టును తయారుచేస్తాయి. అందువలన జల కీటకాల పట్టు అంతా ఒకే పదార్థం కాదు. నీటిలో ఉపయోగపడాలనే అవసరం మాత్రం అన్నిటికీ సమానం.

పట్టు తయారుచేసే జల కీటకాలు

కాడిస్ ఈగలు

వీటి క్రమం ట్రైకాప్టెరా. గ్రీకు భాషలో ఈ పేరుకు "వెంట్రుకల రెక్కలు" అని అర్థం. ప్రౌఢ కీటకం చూడటానికి చిన్న చిమ్మటలాగా ఉంటుంది. రాత్రిపూట వాగుల దగ్గర దీపాల చుట్టూ తిరుగుతుంది. దీని రెక్కల మీద సీతాకోకచిలుకకు వలె పొలుసులు కాక సన్నని వెంట్రుకలు ఉంటాయి. ప్రపంచంలో 16 వేలకు పైగా, భారతదేశంలో వెయ్యికి పైగా జాతులను వర్ణించారు. ప్రౌఢ దశ కొద్ది రోజులు లేదా వారాలు మాత్రమే. జీవితంలో ఎక్కువ భాగం డింభక దశలో నీటిలోనే గడుస్తుంది.

డింభకాలు పట్టును వాడే తీరును బట్టి వీటిని స్థూలంగా మూడు విధాలుగా చెప్పవచ్చు.

వల అల్లేవి: హైడ్రోసైకిడే కుటుంబపు డింభకాలు రాళ్ళ సందులలో చిన్న గూడు కట్టుకొని, దాని ముందు ప్రవాహానికి అడ్డంగా పట్టు వల బిగిస్తాయి. ఆకు తునకలు, శైవలాలు, చిన్న ప్రాణులు కొట్టుకువచ్చి వలలో చిక్కుతాయి. డింభకం వాటిని ఏరుకొని తింటుంది. ఫిలోపొటామిడే కుటుంబపు డింభకాలు సంచి వంటి వలలు అల్లుతాయి. కాడిస్ ఈగల వలలన్నిటిలో అతి సన్నని కన్నులు వీటివే. అందువలన మిగిలిన వలల నుండి జారిపోయే సూక్ష్మ రేణువులు కూడా వీటిలో నిలుస్తాయి.

గొట్టం కట్టేవి: ఇవి ఇసుక రేణువులు, గులకలు, ఆకు ముక్కలు, పుల్లలను పట్టుతో అతికించి తమ ఒంటికి సరిపోయే గొట్టం తయారుచేసుకొని, దానిని వెంట ఈడ్చుకుంటూ తిరుగుతాయి. ఏ పదార్థం వాడాలి, ఎలా పేర్చాలి అనేది జాతిని బట్టి మారుతుంది. శత్రువుల నుండి రక్షణతో పాటు శ్వాసకు కూడా గొట్టం తోడ్పడుతుంది. డింభకం గొట్టంలో శరీరాన్ని అలలాగా ఆడిస్తే కొత్త నీరు లోపలికి వచ్చి మొప్పలను తాకుతుంది.

స్వేచ్ఛగా తిరిగేవి: ఇవి వలగాని, గొట్టంగాని లేకుండా వేటాడుతూ తిరుగుతాయి. ప్యూపా దశకు ముందు మాత్రం రాతికి అంటించి గూడు కడతాయి.

కైరోనమిడ్ దోమలు

ఇవి దోమలలాగా కనిపించినా కుట్టవు. కైరోనమిడే కుటుంబంలోని కొన్ని జాతుల డింభకాలు హీమోగ్లోబిన్ వలన ఎర్రగా ఉంటాయి. అక్వేరియం చేపలకు మేతగా అమ్మే "బ్లడ్ వార్మ్స్" ఇవే. చెరువులు, మురుగు కాలువలు, వరి మడులు వీటి నివాసాలు. డింభకం తన లాలాజల గ్రంథుల నుండి వచ్చే పట్టుతో బురద రేణువులను అతికించి గొట్టం కట్టుకుంటుంది. కైరోనమస్ ప్లుమోసస్ అనే జాతి గొట్టం లోపల చిన్న వల అల్లి, శరీరం కదలికతో నీటిని తోడి, వలలో చిక్కిన ఆహారాన్ని వలతో సహా తింటుంది. తరువాత మళ్ళీ వల అల్లుతుంది.

నల్ల ఈగలు

సిమ్యులిడే కుటుంబపు నల్ల ఈగల డింభకాలు వడిగా పారే నీటిలో ఉంటాయి. డింభకం ముందుగా రాతి మీద చిన్న పట్టు మెత్త వంటిది అంటించి, శరీరం చివరనున్న సన్నని కొక్కేలను దానికి తగిలించుకొని ప్రవాహంలో నిలబడుతుంది. పట్టు తప్పి కొట్టుకుపోయినప్పుడు పట్టుదారమే దానికి తాడులాగా పనిచేస్తుంది. ప్యూపా దశలో చెప్పు ఆకారంలో గూడు కడుతుంది. ప్రౌఢ ఆడ ఈగలు మనుషులను, పశువులను కుట్టి రక్తం పీలుస్తాయి.

వరి మడిలోని పట్టు

సీతాకోకచిలుకల క్రమంలోనూ నీటిలో బ్రతికే పురుగులు కొన్ని ఉన్నాయి. వీటిలో తెలుగు రైతుకు పరిచయమైనది వ్యవసాయ శాస్త్రవేత్తలు రైస్ కేస్‌వార్మ్ అని పిలిచే వరి పురుగు. ఇది లేత వరి ఆకు కొనను కత్తిరించి, చుట్టగా చుట్టి, లోపల పట్టు పూత పెట్టి గొట్టం చేసుకుంటుంది. ఆ గొట్టంతోనే నీటి మీద తేలుతూ ఒక దుబ్బు నుండి మరొక దుబ్బుకు చేరుతుంది. ఆకులోని పచ్చదనాన్ని గీకి తినడం వలన ఆకుల మీద తెల్లని చారలు ఏర్పడతాయి. మొప్పలతో శ్వాసించే ఈ పురుగు నీరు లేనిదే బ్రతకలేదు. అందుకే మడిలోని నీటిని తీసివేయడం, అంతకు ముందు పైరు మీదుగా తాడు లాగి గొట్టాలను నీటిలో పడవేయడం దీని నివారణకు సిఫారసు చేసే పద్ధతులు.

ఇతర కీటకాలు

హైడ్రోఫిలిడే కుటుంబపు నీటి పేడపురుగులలో ఆడ కీటకం గుడ్ల కోసం పట్టు సంచి కడుతుంది. ఇక్కడ పట్టు వచ్చేది నోటి నుండి కాదు, జననేంద్రియాల అనుబంధ గ్రంథుల నుండి. మే ఈగలలో చెక్కలోనో మట్టిలోనో బొరియలు చేసే కొన్ని జాతులు విసర్జక నాళాల నుండి పట్టు తీసి బొరియ లోపలి గోడలకు పూస్తాయి.

పట్టు తయారయ్యే విధానం

కాడిస్ ఈగ డింభకంలో రెండు పొడవైన గ్రంథులు శరీరంలో మెలికలు తిరిగి ఉంటాయి. వీటిని లేబియల్ గ్రంథులు అంటారు. పట్టుపురుగులోను, కైరోనమిడ్ దోమలోను పట్టు గ్రంథులు ఇవే. గ్రంథి వెనుక భాగంలోని కణాలు దారపు ప్రోటీనును తయారుచేసి మధ్యనున్న నాళంలోకి వదులుతాయి. అక్కడ అది చిక్కని ద్రవంగా నిలువ ఉంటుంది. ముందు భాగానికి వచ్చేసరికి దారానికి బయటి పొర అయ్యే జిగురు చేరుతుంది. రెండు గ్రంథుల నాళాలు నోటి వద్ద ఒక్కటవుతాయి. అందువలన బయటికి వచ్చే దారం రెండు పోగులు పక్కపక్కన అతుక్కున్న సన్నని పట్టీ ఆకారంలో ఉంటుంది. పట్టుపురుగు దారంలోనూ రెండు పోగులు ఉంటాయి.

పట్టుపురుగు దారం గాలిలో బయటికి వచ్చి ఆరుతుంది. నీటిలో ఆరడానికి అవకాశం లేదు. పైగా నీరు జిగురుకు శత్రువు. తడి రాతి మీద నీటి పొర ఉండటం వలన మామూలు జిగుర్లు రాతిని తాకలేవు. కాయలను ఉడకబెట్టినప్పుడు పట్టుదారం విడివడేది కూడా, దాని పైనున్న సెరిసిన్ అనే జిగురు వేడినీటిలో మెత్తబడి కరగడం వలననే. జల కీటకపు పట్టు మాత్రం నీటిలోనే పుట్టి, నీటిలోనే గట్టిపడి, నెలల తరబడి నీటిలోనే ఉండవలసినది. ఇది ఎలా సాధ్యమనే ప్రశ్నకు సమాధానం ప్రోటీనులో, దానిని నిర్దేశించే జన్యువులో ఉంది.

పట్టు ప్రోటీన్లు, వాటి జన్యువులు

మూడు బంధువుల పోలిక

మల్బరీ పట్టుపురుగు దారంలో ఫైబ్రోయిన్ అనే ముఖ్య ప్రోటీను మూడు భాగాలతో కూడి ఉంటుంది. అవి పెద్ద గొలుసు, చిన్న గొలుసు, పి-25 అనే సహాయక ప్రోటీను. ఆరు పెద్ద గొలుసులకు ఆరు చిన్న గొలుసులు, ఒక పి-25 చొప్పున ఇవి జతకూడతాయి. పెద్ద గొలుసులో 5,263 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీని జన్యువు పూర్తి వరుస 2000 సంవత్సరంలో ప్రచురితమైనది.

కాడిస్ ఈగలలో పెద్ద గొలుసు, చిన్న గొలుసు రెండూ ఉన్నాయి కాని పి-25 లేదు. హైడ్రోసైకీ, లిమ్నెఫిలస్ ప్రజాతుల మీద జరిగిన పరిశోధనలలో ఇది తేలింది. దసలి పట్టుపురుగులో చిన్న గొలుసు కూడా ఉండదు. రెండు పెద్ద గొలుసులే ఒకదానితో ఒకటి జతపడి దారమవుతాయి. అంటే మల్బరీ పురుగుకు మూడు, కాడిస్ ఈగకు రెండు, దసలి పురుగుకు ఒకటి. కాడిస్ ఈగల క్రమం, సీతాకోకచిలుకల క్రమం ఒకే పూర్వీకుని నుండి 20 కోట్ల సంవత్సరాలకు చాలా ముందే విడిపోయాయి. అయినప్పటికీ పెద్ద గొలుసు జన్యువు రెండు వైపులా నిలిచి ఉంది. దాని రెండు కొనలు పెద్దగా మారలేదు. మధ్యలో పదే పదే వచ్చే భాగం మాత్రం ఒక్కొక్క వంశంలో ఒక్కొక్క విధంగా మారిపోయింది. మల్బరీ పట్టులో గ్లైసిన్-అలనిన్ వరుసలు, దసలి పట్టులో అలనిన్ వరుసలు, కాడిస్ పట్టులో సెరిన్ వరుసలు దారానికి ప్రధానమైన బలాన్ని ఇస్తాయి.

నీటికి తగిన మార్పు

కాడిస్ ఈగ పెద్ద గొలుసులో సెరిన్లు ఒకటి విడిచి ఒకటిగా గుంపులుగా వస్తాయి. ప్రోటీను తయారైన తరువాత వీటిలో చాలా సెరిన్లకు ఫాస్ఫేట్ అతుకుతుంది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2010లో ఈ విషయాన్ని వెల్లడించారు. ఫాస్ఫేట్‌కు ఋణ విద్యుదావేశం ఉంటుంది. కాల్షియం అయానుకు ధన విద్యుదావేశం ఉంటుంది. ఒక కాల్షియం అయాను పక్కపక్కనున్న ఫాస్ఫేట్లను పట్టుకొని గొలుసులను కట్టివేస్తుంది. నీరు ఈ కట్టును కరిగించలేదు. కాల్షియాన్ని లాగివేసే రసాయనంలో ఈ దారాన్ని ముంచితే అది ఉబ్బి, బలం కోల్పోతుంది. దారం బలానికి కాల్షియమే కారణమని దీనిని బట్టి తెలిసింది.

ఈ కట్టుకు మరొక ప్రయోజనం ఉంది. దారాన్ని లాగినప్పుడు కొన్ని కాల్షియం బంధాలు తెగి, లాగే శక్తిని మింగుతాయి. వదిలినప్పుడు అవి మళ్ళీ ఏర్పడతాయి. అందువలన కాడిస్ పట్టు తన పొడవుకు రెట్టింపు దాకా సాగగలదు, కొద్దిసేపటిలో తిరిగి కోలుకోగలదు. ఎప్పుడూ ఒకే వేగంతో పారని వాగులో ఇది ఎంతో అవసరమైన గుణం. ప్రవాహం ఒక్కసారిగా పెరిగినప్పుడు బిరుసైన దారం తెగుతుంది. సాగి కోలుకునే దారం వలను నిలుపుతుంది.

జన్యువును చదవడంలో కష్టం

పట్టు జన్యువులో ఒకే వాక్యం వందలసార్లు రాసినట్లు ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది. పాత పద్ధతులలో డీఎన్ఏను చిన్న ముక్కలుగా చదివి, అతుకులు చూసుకుంటూ కలిపేవారు. అన్ని ముక్కలూ ఒకేలా ఉంటే ఏది ఎక్కడిదో చెప్పలేము. అందుచేత చాలా కాలం పట్టు జన్యువుల కొనలు మాత్రమే తెలిసేవి. పొడవైన డీఎన్ఏను ఒకే పట్టున చదివే యంత్రాలు వచ్చిన తరువాత ఈ ఇబ్బంది తొలగింది. స్టెనోసైకీ ప్రజాతికి చెందిన ఒక కాడిస్ ఈగ జన్యుపటం 2018లో వెలువడింది. తరువాతి సంవత్సరాలలో మరెన్నో జాతులది వచ్చింది. కొన్ని కాడిస్ ఈగలలో పెద్ద గొలుసు జన్యువు పొడవు 20 వేల బేస్ జంటలను మించుతుంది. ఒకే జాతిలోని రెండు కీటకాల మధ్య, ఒకే కీటకంలో తల్లి నుండి, తండ్రి నుండి వచ్చిన రెండు ప్రతుల మధ్య కూడా ఈ పొడవు తేడాగా ఉండవచ్చు.

బాల్బియాని వలయాలు

జన్యుశాస్త్ర చరిత్రలో జల కీటకాల పట్టుకు ప్రత్యేక స్థానం ఉంది. 1881లో ఫ్రెంచి శాస్త్రవేత్త బాల్బియాని కైరోనమిడ్ డింభకపు లాలాజల గ్రంథులలో, అంటే పట్టు గ్రంథులలో, అడ్డచారలున్న లావైన క్రోమోజోములను కనుగొన్నాడు. కణం విభజన చెందకుండానే డీఎన్ఏ మాత్రం మళ్ళీ మళ్ళీ రెట్టింపై, వేల పోగులు పక్కపక్కన చేరి తాడువలె ఏర్పడటం వలన ఇవి సాధారణ సూక్ష్మదర్శినిలో కూడా కనిపిస్తాయి. వీటిని పాలిటీన్ క్రోమోజోములు అంటారు. వీటి మీద కొన్ని చోట్ల ఉంగరంలాగా ఉబ్బిన భాగాలు ఉంటాయి. వీటికే బాల్బియాని వలయాలు అని పేరు.

ఈ ఉబ్బు జన్యువు పనిచేస్తున్నదనడానికి గుర్తు అని 20వ శతాబ్దం మధ్యలో తెలిసింది. ఆ జన్యువులు తయారుచేసేది పట్టు ప్రోటీన్లనే. ఒక్కొక్క ప్రోటీను అణుభారం సుమారు పది లక్షల డాల్టన్లు. దీనికి కావలసిన ఆర్ఎన్ఏ కూడా అసాధారణమైన పరిమాణంలో ఉంటుంది. ఆర్ఎన్ఏ కేంద్రకం నుండి రంధ్రం గుండా బయటికి వచ్చే తీరును స్వీడన్ శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడగలిగింది ఈ పరిమాణం వల్లనే. 1960లో క్లెవర్, కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తలు ఎక్డైసోన్ హార్మోను ఇచ్చినప్పుడు ఇవే క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు ఏర్పడటం గమనించారు. హార్మోను జన్యువును మేల్కొలుపుతుందని తెలిపిన తొలి ఆధారాలలో ఇది ఒకటి.

ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతంలో

ఉనికి

పూర్వపు ఖమ్మం జిల్లా ఉత్తర, తూర్పు భాగాలు గోదావరి, దాని ఉపనదుల మధ్యనున్న అటవీ ప్రాంతం. కిన్నెరసాని బూర్గంపాడు సమీపాన గోదావరిలో కలుస్తుంది. చర్ల దగ్గర తాలిపేరు ఉంది. ఒడిషాలో పుట్టిన శబరి, సీలేరును కలుపుకొని కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్ర ప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఈ విధంగా అడవి రెండు రాష్ట్రాల మధ్య విడిపోయినా వాగులు, వాటి జీవజాలం ఒకే గోదావరి పరీవాహక ప్రాంతానికి చెందినవి.

ఇక్కడి నీటి వనరులను మూడు విధాలుగా చూడవచ్చు. ఒక్కొక్క దానికి తగిన పట్టు కీటకం ఉంటుంది. మోతుగూడెం దగ్గరి పొల్లూరు జలపాతం వంటి చోట్ల, కొండల నుండి దిగే వాగులలో నీరు చల్లగా, వడిగా, ప్రాణవాయువుతో నిండి ఉంటుంది. వల అల్లే కాడిస్ ఈగలకు, నల్ల ఈగలకు ఇటువంటి చోటు అనుకూలం. మైదానంలో మెల్లగా సాగే వాగులలో ఇసుక గొట్టాలు, ఆకు గొట్టాలు కట్టే కాడిస్ ఈగలు ఉండగలవు. చెరువులు, వరి మడులు, జలాశయాల అంచులు కైరోనమిడ్లకు, వరి గొట్టపు పురుగుకు నివాసాలు.

మద్దిచెట్టు, వాగు

ఈ అడవులలో నల్లమద్ది, తెల్లమద్ది చెట్లు దసలి పట్టుపురుగుకు మేత. తెల్లమద్ది వాగుల ఒడ్డున పెరగటం చేత దానిని ఏరుమద్ది అని కూడా అంటారు. దసలి పురుగు శాస్త్రీయ నామం యాంథీరియా మైలిట్టా. తెలుగు ప్రాంతపు అడవులలోని రకాన్ని పట్టు పరిశ్రమలో "ఆంధ్రా లోకల్" అంటారు. ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్, ఖమ్మం పూర్వపు జిల్లాల అడవులు దీని నివాసం. గిరిజనులు చెట్ల మీదనే పురుగులను పెంచి, పక్షుల నుండి కాపలా కాచి, కాయలు సేకరిస్తారు. దసలి కాయకు గట్టి కాడ ఉంటుంది. పురుగు ఈ కాడను పట్టుతోనే చేసి కొమ్మకు ఉంగరంలాగా చుడుతుంది.

అదే చెట్టు ఆకులు రాలి వాగులో పడతాయి. నీటిలో నాని, బూజు పట్టి మెత్తబడిన ఆకును కొన్ని జల కీటకాలు కొరికి తింటాయి. ఆ తునకలు కిందికి కొట్టుకుపోయి కాడిస్ ఈగల వలలలో చిక్కుతాయి. ప్రౌఢ కాడిస్ ఈగలు గాలిలోకి ఎగిరినప్పుడు పక్షులకు, గబ్బిలాలకు, సాలీళ్ళకు ఆహారమవుతాయి. ఈ విధంగా అడవి వాగుకు ఇచ్చిన ఆహారంలో కొంత తిరిగి అడవికి చేరుతుంది. ఒడ్డున చెట్లు నరికివేస్తే దసలి పురుగుతో పాటు నీటిలోని పట్టు కీటకం కూడా నష్టపోతుంది. నీడ పోయి నీరు వేడెక్కుతుంది, ఆకు మేత తగ్గుతుంది, ఒండ్రు వచ్చి రాళ్ళ సందులు పూడుతాయి.

గమనించే విధానం

వర్షాకాలపు వరదలు తగ్గి నీరు తేరుకున్న తరువాత, మోకాలి లోతుకు మించని వాగులో అరచేతి కంటే పెద్ద రాయిని మెల్లగా పైకెత్తి అడుగు భాగాన్ని పరిశీలించాలి. ఇసుక, గులకలు అతికించిన చిన్న గూళ్ళు, నీటిలో ఊగుతూ బయట ముద్దగా కనిపించే వలలు, చిన్న గొట్టాలు కంటికి కనిపిస్తాయి. తెల్లని పళ్ళెంలో వాగు నీరు పోసి గొట్టాన్ని అందులో ఉంచితే కొద్దిసేపటికి డింభకం తల, కాళ్ళు బయటపెట్టి నడుస్తుంది. భూతద్దం ఉంటే గొట్టం లోపలి పట్టు పూతను కూడా చూడవచ్చు. చూసిన తరువాత రాయిని, కీటకాన్ని ఉన్నచోటనే ఉంచాలి. ఎగువన వాన పడుతున్నప్పుడు వాగులోకి దిగరాదు.

నీటి నాణ్యతకు గుర్తులు

పట్టు కీటకాలను చూసి నీటి స్థితిని అంచనా వేయవచ్చు. కాడిస్ ఈగలలో చాలా కుటుంబాలు కాలుష్యాన్ని, ప్రాణవాయువు కొరతను తట్టుకోలేవు. ఎర్రని కైరోనమిడ్ డింభకాలు తట్టుకుంటాయి. వాగులో మొదటి రకం తగ్గి రెండవ రకం మాత్రమే మిగిలితే నీరు చెడినదని అర్థం. కీటక కుటుంబాలకు మార్కులు వేసి నీటి నాణ్యతను లెక్కించే జీవ పరీక్షా విధానాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా భారతీయ నదులకు అనుసరించింది. రసాయన పరీక్ష నమూనా తీసిన రోజు స్థితిని మాత్రమే చెబుతుంది. కీటకాలు గడచిన కొన్ని వారాల, నెలల చరిత్రను చెబుతాయి.

కాలుష్యం లేకపోయినా ప్రవాహం ఆగితే ఫలితం దాదాపు ఇదే. వల అల్లే డింభకానికి ఆహారాన్ని, ప్రాణవాయువును తెచ్చేది ప్రవాహమే. ఆనకట్ట వెనుక నీరు నిలిచినప్పుడు వల ఉన్నా అందులోకి ఏమీ రాదు. రాళ్ళ మీద ఒండ్రు పేరుకుంటుంది. పోలవరం ప్రాజెక్టు జలాశయపు పూర్తి స్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నీటిని నిలిపినప్పుడు గోదావరితో పాటు శబరి, వాటిలో కలిసే వాగుల దిగువ భాగాలు ప్రవాహాన్ని కోల్పోతాయి. ముంపు వలన ఇళ్ళు, పొలాలు కోల్పోయే గిరిజన గ్రామాల సమస్య అందరికీ తెలిసినదే. వాగు అడుగున జరిగే మార్పు కంటికి కనిపించదు. నీరు ఉంటుంది కాని అది వాగు కాదు. పట్టు ఉంటుంది కాని అది వల అల్లే పట్టు కాదు, బురదలో గొట్టం కట్టే పట్టు.

ఇసుక, రాళ్ళ తవ్వకం, పత్తి, మిరప చేల నుండి కొట్టుకువచ్చే పురుగుమందులు, వేసవిలో వాగులు పూర్తిగా ఎండిపోవడం ఇతర కారణాలు. ఒక వాగు నుండి ఒక జాతి పోయినప్పుడు దానితో పాటు కోట్ల సంవత్సరాలుగా ఆ నీటికి తగినట్లు మారుతూ వచ్చిన పట్టు జన్యువు కూడా అక్కడి నుండి పోతుంది. ఎగువ వాగులు ప్రవహిస్తూ ఉంటే, ఎగరగలిగే ప్రౌఢ కీటకాల ద్వారా దిగువ వాగులు మళ్ళీ నిండే అవకాశం ఉంటుంది. అందుచేత కొండ మీది చిన్న వాగుల రక్షణకు ప్రాముఖ్యం ఎక్కువ.

ఉపయోగాలు

* శస్త్రచికిత్సలో తడి కణజాలాన్ని అతికించగల జిగుర్ల తయారీకి కాడిస్ పట్టు ఒక నమూనా. ఫాస్ఫేట్, కాల్షియం బంధాన్ని అనుకరించే కృత్రిమ పదార్థాల మీద ప్రయోగాలు జరిగాయి.
* వల అల్లే కాడిస్ ఈగలు గులకరాళ్ళను పట్టుతో కలిపి కుట్టినట్లు బిగిస్తాయి. దీని వలన వరదలో గులకలు కదలడానికి మరింత బలమైన ప్రవాహం అవసరమవుతుందని ప్రయోగాలలో తేలింది. అంటే ఇవి కొంతవరకు వాగు అడుగు కోతను తగ్గిస్తాయి.
* నీటిలోని సేంద్రియ రేణువులను వడకట్టడం ద్వారా ఇవి నీటిని శుభ్రపరుస్తాయి. చేపలకు ముఖ్యమైన ఆహారం కూడా.
* పాలిటీన్ క్రోమోజోములను చూపించడానికి కళాశాల ప్రయోగశాలలలో కైరోనమస్ డింభకాలను వాడతారు.

కాడిస్ పట్టును మల్బరీ, దసలి పట్టువలె వస్త్రాలకు వాడరు. డింభకం దానిని ఒకే పొడవైన దారంగా చుట్టదు. అవసరమైన చోట కొద్దికొద్దిగా అతికిస్తుంది.

విశేషాలు

* హెలికోసైకీ ప్రజాతి డింభకం ఇసుక రేణువులతో నత్తగుల్ల ఆకారంలో గూడు కడుతుంది. 1834లో ఒక అమెరికా శాస్త్రవేత్త దీనిని నిజమైన నత్తగా పొరబడి కొత్త నత్త జాతిగా వర్ణించాడు.
* ఫ్రెంచి కళాకారుడు హ్యూబర్ట్ డ్యూప్రా 1980లలో కాడిస్ డింభకాలకు ఇసుకకు బదులు బంగారు రేకులు, ముత్యాలు, రత్నాలు ఇచ్చి వాటితో గొట్టాలు కట్టించాడు.
* జపాన్‌లో స్టెనోసైకీ డింభకాల వలలు జలవిద్యుత్ కేంద్రాల సొరంగాలలో పేరుకొని నీటి ప్రవాహాన్ని అడ్డుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆ దేశంలోని నగానో ప్రాంతంలో ఇవే డింభకాలను వండి తింటారు.

ఇవి కూడా చూడండి

* పట్టు పరిశ్రమ
* దసలి పట్టు
* కీటకాలు
* కిన్నెరసాని నది
* శబరి నది
* పాపికొండలు